నలభై అడుగుల రివర్సు

"ఒరేయ్ కోటేషూ, ఇట్రా. నీ ఫోటో పడిందటగా."

మాలిక్ తన ఆటోలో కాళ్ళు బయటికి చాపుకుని కూచునే కేకేశాడు. జానీబీ టీ కొట్టు ముందు ట్రాలీ ఆపి దిగుతున్న కోటేష్ ఆ మాటకి ముఖం దాచుకుంటాడేమోనని లిడియా చూసింది. దాచుకోలేదు సరికదా, జేబులోంచి దువ్వెన తీసి క్రాపు రెండుసార్లు వెనక్కి దువ్వుకుని, సన్మానానికి పిలిచినవాడిలా వచ్చి బల్ల మీద కూచున్నాడు. హైవే మీద బండిని వెనక్కి నడిపినందుకు కోటేష్‌కి చలానా వచ్చిందనీ, కెమెరా తీసిన బొమ్మతో సహా రాత్రే ఫోనులో పడిందనీ మాలిక్ పొద్దుట్నించీ టీకి వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాడు.

ఆదివారం. మిర్చి యార్డుకి సెలవు కాబట్టి నల్లపాడు రోడ్డు మీద బళ్ళవాళ్ళంతా ఖాళీ. లిడియా, వాళ్ళమ్మ పున్నమ్మ చర్చిలో ఆరాధన కాగానే ఇంటికి పోకుండా తెల్ల చీరలతోనే ఇక్కడికి వచ్చారు. పున్నమ్మ మిరపకోతల ముఠాకి పెద్ద. ఇరవై మంది ఆడవాళ్ళు ఆమె రమ్మంటే వస్తారు, వద్దంటే ఆగుతారు. రేపట్నించీ హైవే అవతల దూరాన కోత ఉంది. ఆ ఇరవై మందినీ తెల్లారేసరికి చేలో దింపి, పొద్దుగూకేలోపు ఇళ్ళకి చేర్చే బండి కావాలి. నెలన్నర పని. కోటేష్ బండి మాట్లాడదామని నాలుగు రోజులుగా అమ్మ చెవిలో పోరింది లిడియాయే. ఆ సంగతి కోటేష్‌కి తెలీదు. తెలీకూడదని లిడియా కోరిక, తెలిస్తే బాగుండునని అంతకంటే పెద్ద కోరిక.

పున్నమ్మ కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. పది రోజుల కిందట చేలో గట్టు మీద జారి పడ్డానంది. మణికట్టు ఎముక విరిగింది. మామూలుగా ఇలాంటి కొట్ల దగ్గర నిలబడే మాట్లాడి వెళ్ళిపోయే మనిషి ఆ చెయ్యి బరువుకి ఇవాళ బల్ల మీద కూచుంది.

"ఏముందిరా, నలభై అడుగులు వెనక్కొచ్చాను. అంతే," అన్నాడు కోటేష్, జానీబీ ఇచ్చిన గ్లాసు అందుకుంటూ.

అంతే అన్న తర్వాత కోటేష్ ఆగిన దాఖలా ఈ రోడ్డు మీద లేదు. పున్నమ్మని చూసి, కూచున్నవాడల్లా సగం లేచి, "పున్నమ్మగారూ, మీరు కూడా వినండి, నా డ్రైవింగు ఏపాటిదో మీకే తెలుస్తుంది," అన్నాడు. ఊళ్ళో అందరి అమ్మల్నీ పిన్నీ పిన్నీ అని పిలిచేవాడు తన అమ్మని ఒక్కదాన్నే గారూ అంటాడని లిడియా ఎప్పుడో కనిపెట్టింది. ఎందుకలా అంటాడో ఆలోచిస్తూ, కోల్డ్ స్టోరేజీలో కాయలకి తొడిమలు తీసే పనిలో ఒక బస్తా పూర్తయిన సంగతి కూడా గమనించని రోజులున్నాయి.

ఆ సాయంత్రం అతను ముప్ఫై రెండు టిక్కీల తేజ రకం మిరపకాయ వేసుకుని చిలకలూరిపేట వైపు నుంచి వస్తున్నాడట. టిక్కీ అంటే మిరపకాయల్ని తొక్కి కుట్టిన గోనె మూట, పట్టుకోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అవి పేర్చి పైన పట్టా కప్పితే డ్రైవరు వెనక ఏముందో దేవుడికే తెలియాలి. పైగా తేజ. ఆ ఘాటు గురించి ఈ పక్క ఎవరికీ చెప్పక్కర్లేదు. సరిగ్గా యార్డుకి దిగే మలుపు వస్తోందనగా కేబిన్లోకి ఘాటు కొట్టింది.

"తుమ్ము వచ్చిందిరా. ఒకటి కాదు, వరసగా పదకొండు, మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు కూడా లేదు. మొదటి తుమ్ముకి మలుపు నా ముందుంది, పదకొండో తుమ్ముకి కళ్ళు తెరిస్తే నా వెనకుంది. ముందుకెళ్ళి తిరిగి రావాలంటే వంతెన దాకా ఆరు కిలోమీటర్లు, ఈలోగా యార్డు గేటు మూసేస్తారు. ఇంకేం చెయ్యను? గేరు మార్చాను, అంచునున్న ఇనప రెయిలింగుకి జానెడు ఎడం పెట్టి, దారం పట్టి లాగినట్టు నలభై అడుగులు వెనక్కి తెచ్చాను. అప్పుడు కూడా తుమ్ముతూనే ఉన్నా, తెలుసా. తుమ్ము తుమ్ముకీ బండి ఊగింది గానీ స్టీరింగు ఊగలేదు."

పున్నమ్మ సగం తాగిన గ్లాసు కింద పెట్టేసింది. అమ్మ టీ వదిలెయ్యడం లిడియా ఎన్నడూ ఎరగదు. ఈగ పడిందేమోననుకుంది.

మాలిక్ ఊరుకోలేదు. హైవే మీద వెనకాల వచ్చే బస్సువాడికి ముందున్న బండి పోతోందో, ఆగిందో, తన మీదికే వస్తోందో అర్థమయ్యేలోపే అయిపోవాల్సింది అయిపోతుందన్నాడు. పోయినేడు ఇదే మలుపు దగ్గర ఇలాగే వెనక్కొస్తున్న వ్యాను కింద మోటారుసైకిలు నలిగితే, బండిని లాగడానికి తను కూడా ఒక చెయ్యి వేశానన్నాడు. ఆ సీటు మీద చిన్నపిల్ల చెప్పు ఒకటే ఉందని మాత్రం మెల్లగా అన్నాడు. ఇది జరిమానా కట్టేసి దులుపుకునేది కాదనీ, కోర్టుకి పిలిచి లైసెన్సు కొన్నాళ్ళు పక్కన పెట్టమన్నా అంటారనీ కూడా చెప్పాడు.

కోటేష్ రెప్పపాటు గ్లాసులోకి చూశాడు. మళ్ళీ తలెత్తేసరికి నవ్వు ముఖం మీదికి వచ్చేసింది.

"బస్సంటే గుర్తొచ్చింది. నా వెనక బస్సు రానే వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఏమైందని లిడియా అడిగేసింది. అడగకూడదనుకుంటూనే అడిగింది. కోటేష్ కోతలు కోస్తాడని ఊరంతటికీ తెలుసు, లిడియాకీ తెలుసు. కానీ సినిమాలో హీరో బతుకుతాడని తెలిసి మాత్రం ఎవరు మధ్యలో లేచి వస్తారు? తర్వాతేమిటో తెలుసుకోవాలనే దురద ఆ పిల్లకి చిన్నప్పట్నించీ ఉంది. పదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ అది ఆగలేదు.

బస్సు డ్రైవరు బ్రేకు వెయ్యబోయి, కోటేష్ రివర్సులో ఉన్న అందం చూసి మనసు మార్చుకున్నాడట. తను కూడా గేరు మార్చి వెనక్కి నడవడం మొదలెట్టాడట. బస్సు వెనక సిమెంటు లారీ, దాని వెనక పాల వ్యాను, దాని వెనక పెళ్ళివాళ్ళ కార్లు తొమ్మిది, అన్నీ ఒక తాడుకి కట్టినట్టు వెనక్కి. పెళ్ళికొడుకు కారులోంచి తల బయటపెట్టి ఎటు పోతున్నామని అడిగితే డ్రైవరు ముందు కోటేష్ బండి ఉందండీ అన్నాడట, ఆ పేరు విని పెళ్ళికొడుకు మళ్ళీ నిద్రపోయాడట. ఆ ఊపు మీద మలుపు దాటిపోయిన సంగతి కూడా చూసుకోలేదన్నాడు. అలా వెనక్కి వెనక్కి చిలకలూరిపేట.

"చిలకలూరిపేటా?" అంది జానీబీ, పాలగిన్నె మీంచి తలెత్తకుండా. "నలభై అడుగులకే?"

"మొదలు నలభై అడుగులే జానీబక్కా. మొదలు ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది."

అప్పుడు లిడియాకి ఒక సందేహం వచ్చింది. నిజంగా తెలుసుకోవాలని వచ్చిన సందేహమే, తప్పు పట్టడానికి కాదు.

బండి ఎక్కడ వెనక్కి వచ్చినా వెనక ఒక మనిషి ఉండి తట్టాలి. చేను గట్టు దగ్గరికి ట్రాలీ వెనక్కి తెచ్చేటప్పుడు ఎవరో ఒకరు వెనక తలుపు మీద అరచేత్తో టపటపా తడుతూ ఉంటారు. చప్పుడు వస్తున్నంతసేపూ రావచ్చని అర్థం. ఒక్కటే పెద్ద దెబ్బ వేసి చెయ్యి తీసేస్తే ఆగమని. మూటల చాటున అద్దాలు పనిచెయ్యవు కాబట్టి డ్రైవర్లు చెవినే నమ్ముతారు. ముఠాలో కొత్తగా చేరిన ప్రతి ఆడమనిషికీ పున్నమ్మ మొదటి రోజే నేర్పించే పని ఇది. పోయిన నెల అమ్మతో చేలోకి వెళ్ళిన ఒక సాయంత్రం, కోటేష్ బండికి తట్టే వంతు లిడియాకి వచ్చింది. తన చిన్న అరచేతి కింద అంత పెద్ద బండి మెల్లగా, పిలిస్తే వచ్చినట్టు తన వైపే రావడం, లోపల కనబడని చోట కోటేష్ చెవొగ్గి తన చప్పుడే వింటూ ఉండడం. ఆ రాత్రి అరచెయ్యి ముఖానికి ఆనించుకుంటే కారం అంటుకుని కళ్ళు మండాయి. అయినా చెయ్యి కడుక్కోవాలనిపించలేదు.

"మరి వెనక ఎవరు తట్టారండీ?" అని అడిగింది.

కోటేష్ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"పట్టా," అన్నాడు. "గాలికి పట్టా కొట్టుకుంటోంది. టపటపా, టపటపా. మనిషి తట్టినట్టే."

చెప్పేసి, ఇంకెవరూ ఏదీ అడక్కుండా, ఇంకా జోరుగా అందుకున్నాడు. చిలకలూరిపేట దాటేసరికి డీజిల్ ముల్లు పైకి లేస్తోందట. వెనక్కి నడుస్తున్నాం కదా, తాగిన డీజిలంతా బండి తిరిగి కక్కుతోంది. కిలోమీటర్ల మీటరు తగ్గుతోంది. మార్టూరు దగ్గరికి వచ్చేసరికి బండి మీద గీతలు మాసిపోయాయి. మేదరమెట్ల దగ్గరికి వచ్చేసరికి సీటుకి షోరూము కవరు వచ్చేసింది. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఘాటు ఆగిపోయింది. ఇదేమిట్రా, ముప్ఫై రెండు టిక్కీల తేజ వెనక పెట్టుకుని తుమ్ము లేదేమిటని పట్టా ఎత్తి చూద్దును కదా, కాయలన్నీ పచ్చగా ఉన్నాయి. ఎర్రటి ఎండుమిరప పచ్చిమిరప అయిపోయింది. ఒంగోలు పొలిమేరకి వచ్చేసరికి పచ్చిమిరప కూడా పోయి పూత. గోతాల నిండా తెల్లపూత పున్నమ్మగారూ, మల్లెపూల లోడు అనుకుని తేనెటీగలు వెంటపడ్డాయి."

లిడియా కళ్ళ ముందు ఆ బండి కదిలింది. తెల్లపూల మూటలతో, సాయంకాలపు వెలుతురులో, వెనక్కి వెనక్కి పోతున్న బండి. దాని ముందు సీట్లో తనకీ కాస్త చోటు దొరికితే చాలనుకుంది. నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాలిక్ కూడా నవ్వాడు. పక్కనున్న పున్నమ్మ మాత్రం నవ్వలేదు. కోటేష్ ముఖాన్ని కాకుండా, రోడ్డు పక్కన ఆపిన ట్రాలీ వెనక తలుపుని చూస్తోంది. నీలం రేకు తలుపు. దుమ్ము లేకుండా తళతళలాడుతోంది. సీజనులో ఇంత శుభ్రంగా ఉన్న బండి ఈ రోడ్డు మీద ఇంకొకటి లేదు.

పోలీసులు ఎక్కడా ఆపలేదా అని జానీబీ అడిగింది. ఆపకేం, అన్నాడు కోటేష్. ఒంగోలు దగ్గర పెద్ద ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడట. చలానా రాద్దామని పెన్ను తీస్తే, రాసిన అక్షరం రాసినట్టే వెనక్కి చెరిగిపోతోందట. మూడు పెన్నులు మార్చి, ఇక చేసేది లేక టోపీ తీసి సెల్యూటు కొట్టి, బాబూ, మా వాళ్ళకి రివర్సు పాఠం చెప్పడానికి వారానికి రెండు పూటలు వస్తావా అని బతిమాలాడట.

"అంత బతిమాలినవాడు మళ్ళీ చలానా ఎందుకు పంపాడు?" అన్నాడు మాలిక్.

"అది కెమెరా పంపింది. కెమెరాకి కళ తెలీదు."

లిడియాకి మొదటి సందేహం తీరలేదు. పట్టా అయితే గాలికి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది. తట్టినట్టు ఎలా ఉంటుంది? ఉండబట్టలేక మళ్ళీ అడిగింది. ఒంగోలు దాకా పట్టాయే తట్టిందా అని. ఈసారి కోటేష్ ఆమె వైపు చూడలేదు. మార్టూరు దగ్గర ఒక కోతి ఎక్కిందనీ, అది పోయాక ఉరుములు తట్టాయనీ, ఆకాశమే రానీ రానీ అందనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ దువ్వెన పళ్ళని బొటనవేలితో గీకుతూనే ఉన్నాడు. చెప్పే కొద్దీ గొంతు పెరుగుతోంది, ముఖంలో ఏదో తగ్గుతోంది. అబద్ధం చెప్పేటప్పుడు ఇతను ఇంత కష్టపడడు కదా అనుకుంది లిడియా. మిరప పూసిందన్నప్పుడు లేని కష్టం ఈ తట్టడం దగ్గరే ఎందుకు?

"అబ్బాయ్," అంది పున్నమ్మ. కొట్లోకి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే. "ఆ చలానా మా లిడియాకి ఇవ్వు. చదువుతుంది."

కోటేష్ ఫోను తీసి ఇచ్చాడు. ఇవ్వకుండా ఉండడానికి కారణం దొరకలేదు. లిడియా గట్టిగా చదివింది. బండి నంబరు. హైవే మీద ప్రమాదకరంగా వెనక్కి నడిపినట్టు. కింద బొమ్మ, అందులో ట్రాలీ ముందు భాగం, అద్దం వెనక కళ్ళు మూసుకుని తుమ్ముతున్న కోటేష్. నవ్వొచ్చేలా ఉంది బొమ్మ. ఆ కింద తేదీ, వారం, సమయం. గురువారం, సాయంత్రం ఆరు గంటల పన్నెండు నిమిషాలు.

తేదీని ఆమె ఇంకోసారి చదువుకుంది. ఆ గురువారం తను చర్చిలో పాట నేర్చుకుంటోంది. దీపాలు పెట్టే వేళకి ముఠాలో ఇద్దరు ఆడవాళ్ళు అమ్మని చెరో పక్కా పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. గట్టు మీద జారానే అంది అమ్మ. చీరకి ఒక్క బురద మరక కూడా లేదు. ఎర్రటి కారం దుమ్ము మాత్రం ఉంది, రెండు చేతులకీ, మోచేతుల దాకా. అప్పుడు తోచలేదు.

పున్నమ్మ లేచింది. జానీబీ టీ గ్లాసులు పెట్టే రేకు బల్ల దగ్గరికి వెళ్ళి, బాగున్న ఎడమచేత్తో తట్టడం మొదలెట్టింది. ముందు మామూలుగా. తర్వాత తొందరగా. తర్వాత ఇంకా తొందరగా, గ్లాసులు ఎగిరేలా, లయ తప్పి, చెయ్యి ఎక్కడ పడుతోందో చూసుకోకుండా. జానీబీ పాలగిన్నె గట్టిగా పట్టుకుంది. పున్నమ్మ చెయ్యి ఆపాక కూడా రేకు కాసేపు మోగింది.

"నువ్వు విన్నది ఇదేనా?"

కోటేష్ చూపు ట్రాలీ వెనక తలుపు మీదికి పోయింది.

"ఆ రోజు కోత నుంచి నడిచొస్తూ ఆ మలుపు దగ్గర నేను కళ్ళతో చూసింది మూటలూ, పట్టా. నంబరు మీద కూడా పట్టా వేలాడుతోంది. నడిపేవాణ్ణి చూళ్ళేదు. తుమ్ములు విన్నాను. నాకూ బండికీ మధ్య జానెడు, నా పక్కన రెయిలింగు. లోపల ఒకడు తుమ్ముతున్నాడు, నేను బయట కొడుతున్నాను." ఆమె గొంతులో కోపం లేదు. లెక్క తేలని సంగతేదో ఇన్నాళ్ళకి తేలుతున్నట్టుంది. "ఒక్క దెబ్బ కొట్టి చెయ్యి తీస్తే ఆగుతారని ఇరవై మందికి నేర్పినదాన్ని నేను. ఆ పూట నాకే గుర్తు రాలేదు. చచ్చిపోతాననిపిస్తే ఒక్క దెబ్బ దగ్గర చెయ్యి ఆగుతుందా?"

రెయిలింగు మీదుగా అవతలికి పడ్డప్పుడు చెయ్యి విరిగిందని ఆమె లిడియా వైపు తిరిగి చెప్పింది. హైవే దగ్గర జరిగిందంటే భయపడి ముఠాలో సగం మంది ఆ దారిన పనికి రారని, నంబరు లేకుండా ఎవరి మీద చెప్పాలని, అందుకే గట్టు అన్నానంది. లిడియా చేతిలో ఫోను వెలుతురు ఆరిపోయింది. చేను గట్టు దగ్గర తను తట్టిన సాయంత్రం గుర్తొచ్చింది. లోపల అతను వింటున్నాడని తను మురిసిపోయింది ఈ చెవి గురించే.

మాలిక్ ఆటోలోంచి దిగి నిలబడ్డాడు. కోటేష్ దువ్వెన జేబులో పెట్టుకోబోయి, అది కిందపడితే తీసుకోలేదు.

"రేపు నావాళ్ళు ఇరవై మంది ఆ బండి వెనక కూచోవాలి," అంది పున్నమ్మ. "ఒంగోలు నాకొద్దు, పూత నాకొద్దు. మా పిల్ల రెండుసార్లు అడిగింది, నేను మూడోసారి అడుగుతున్నాను. వెనక ఎవరు తట్టారు?"

కోటేష్ తలెత్తాడు. అతని గొంతు ఎంత చిన్నదో లిడియా మొదటిసారి విన్నది.

"నలభై అడుగులే పున్నమ్మగారూ. మొదట చెప్పిందే నిజం, తర్వాతదంతా దాని మీద కప్పాను. తడుతుంటే రమ్మంటున్నారనుకున్నా. హైవే మీద నన్ను రమ్మనడానికి ఎవరుంటారని ఆలోచించలేదు. యార్డులో దిగి చూస్తే వెనక తలుపు మీద కారం దుమ్ములో అరచేతులు. పదకొండు. చిన్న చేతులు, పక్కన గాజుల గీతలు. అప్పుడే కడిగేశాను. రోజూ కడుగుతున్నాను. తట్టడం ఆగిపోయాక ఏదో పడిన చప్పుడు వినబడింది. మూట జారిందనుకున్నా. కాదు, అలా అనుకుందామనుకున్నా. మూట అంత మెత్తగా పడదని నాకు తెలుసు. తెలిసి కూడా నేను దిగి చూడలేదండీ."